చిన్న ఊరి పోలీసులకు ఏ గ్రాంటు మేలు? మనిషినిచ్చేదా, వస్తువునిచ్చేదా?

పోయినేడాది మార్చిలో ఒక సోమవారం పొద్దున మా పోలీస్ చీఫ్ నా టేబుల్ మీద చిన్న కాగితం పెట్టాడు. దాని మీద మూడే ముక్కలు: ఒక ఆఫీసరు, రెండు బండ్లు, పదకొండు వెస్టులు (తూటాను ఆపే కవచాలు). "వీటికి గ్రాంట్లు ఉంటాయట కదా, కాస్త చూడండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

నేను పనిచేసేది అమెరికా మిడ్‌వెస్ట్‌లో 4,300 మంది ఉండే ఒక ఊరి టౌన్ హాల్లో, అకౌంట్స్ విభాగంలో. విభాగం అంటే నేనూ, నా పక్క సీటులో ఇంకొకామె. గ్రాంట్లు చూడటానికి వేరే మనిషి లేరు కాబట్టి ఆ పనీ నా నెత్తినే పడింది. మా ఊరి పోలీసులు చీఫ్‌తో కలిపి 11 మంది. ఇదేదో మరీ చిన్నది అనుకోకండి. ఈ దేశంలో 12,000కు పైగా స్థానిక పోలీస్ డిపార్ట్‌మెంట్లు ఉంటే, వాటిలో సగం దాకా పదిమంది ఆఫీసర్లు కూడా లేనివే.

ఆ వారం గుంటూరులో ఉన్న మా బావగారితో ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు ఈ సంగతి వచ్చింది. ఆయన ఎస్సైగా చేరి సీఐగా రిటైరయ్యారు. "బావగారూ, మీ స్టేషన్‌కి కొత్త జీపు కావాలంటే ఎవరికి అప్లికేషన్ పెట్టేవారు?" అంటే పెద్దగా నవ్వారు. "అప్లికేషన్ ఏంటమ్మా! ఎస్పీ ఆఫీసుకి ఇండెంట్ రాసి పడేయడం, వచ్చినప్పుడు వచ్చిందనుకోవడం. స్టేషన్ వాడు ఢిల్లీకి రాసుకుంటాడా ఎక్కడైనా?"

నిజమే. మన దగ్గర పోలీసు శాఖ రాష్ట్రానిది. పోలీసు ఆధునికీకరణ పేరుతో 1969-70 నుంచి కేంద్రం ఇస్తున్న డబ్బు కూడా రాష్ట్రానికి వచ్చి, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. ఇక్కడ అలా కాదు. ఊరి పోలీసులు ఊరివాళ్లు, జీతాలు ఊరు వసూలు చేసుకునే పన్నుల్లోంచే. అవి చాలకపోతే ఊరే బయల్దేరి అడుక్కోవాలి. అడగడానికి గుమ్మాలు చాలానే ఉన్నాయి. ఏ పనికి ఏ గుమ్మం తొక్కాలో తెలియకే సగం ఊళ్లు ఇంటి దగ్గరే కూర్చుంటాయి.

మనిషినిచ్చే గ్రాంటు

అందరికీ ముందు గుర్తొచ్చేది కాప్స్ హైరింగ్ ప్రోగ్రామ్. 1994లో క్లింటన్ సంతకం చేసిన నేర నియంత్రణ చట్టంతో ఫెడరల్, అంటే ఇక్కడి కేంద్ర, న్యాయశాఖలో కమ్యూనిటీ ఓరియెంటెడ్ పోలీసింగ్ సర్వీసెస్, పొట్టిగా కాప్స్ అనే ఆఫీసు పుట్టింది. లక్షమంది కొత్త పోలీసులను వీధుల్లోకి తేవాలన్నది అప్పటి లక్ష్యం. అప్పటి నుంచి ఏటా కొత్త ఆఫీసర్ల జీతాలకు ఈ ఆఫీసు డబ్బిస్తోంది. ఇందులో ఒక మంచి ఏర్పాటుంది. మొత్తంలో సగం లక్షన్నర జనాభా దాటిన చోట్లకు, మిగతా సగం అంతకంటే చిన్నవాటికి పోవాలని చట్టంలోనే రాశారు. కాబట్టి మాలాంటి ఊరు చికాగోతో పోటీ పడక్కర్లేదు.

షరతులు వినడానికి బాగుంటాయి. కొత్తగా చేరే ఆఫీసరు జీతం, బెనిఫిట్లలో 75 శాతం మూడేళ్లపాటు ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుంది, 25 శాతం ఊరు నగదుగా పెట్టాలి. మా చీఫ్ ఇక్కడిదాకా చదివి ఆగిపోయాడు. "నాలుగో వంతు మనం పెట్టుకుంటే మనిషి వచ్చేస్తాడు" అని ఊరి ఖర్చులు మంజూరు చేసే కౌన్సిల్‌లో మెంబరు ఒకాయనకు చెప్పేశాడు కూడా. ఆయన ఇంకో ఇద్దరికి చెప్పాడు. నాకు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే ఆ కింది లైను నేను చదివాను. ఒక్కో ఆఫీసరుకు ఫెడరల్ వాటా 125,000 డాలర్లు దాటకూడదు.

ఆ రాత్రి అంట్లు తోమేసి డైనింగ్ టేబుల్ దగ్గర లెక్క వేశాను. మా దగ్గర కొత్త ఆఫీసరు జీతం, హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ అన్నీ కలిపి ఏడాదికి 80,000 డాలర్లు వేసుకుందాం. ఇంక్రిమెంట్లు పక్కన పెట్టండి. మూడేళ్లకు 240,000. అందులో 75 శాతం 180,000. కానీ పరిమితి ఉంది కాబట్టి వచ్చేది 125,000. మిగిలిన 115,000 ఊరిదే. నాలుగో వంతు కాస్తా సగానికి దగ్గరైంది. ఇంకా అయిపోలేదు. మూడేళ్లు నిండాక కనీసం 12 నెలలు ఆ పోస్టును ఊరు పూర్తిగా తన డబ్బుతోనే నిలబెట్టాలి. ఆ నాలుగో ఏడాది 80,000 కూడా కలిపితే మొత్తం 320,000. అందులో వాళ్లది 125,000, మాది 195,000. నూటికి 39 వాళ్లు, 61 మేము.

అదే ఆఫీసరు ఖర్చు ఏడాదికి 50,000లో తేలిపోయే అమెరికా దక్షిణాది పల్లె ఊరు ఒకటి ఊహించుకోండి. మూడేళ్లకు 150,000, అందులో 75 శాతం 112,500. పరిమితి అసలు తగలదు. నాలుగేళ్ల మీద చూసినా సగానికి పైగా ఫెడరల్ డబ్బే. అందుకే "కాప్స్ గ్రాంటు మంచిదా?" అని ఎవరైనా అడిగితే నేను ముందు "మీ ఊళ్లో కొత్త ఆఫీసరుకు ఎంత పడుతుంది?" అని అడుగుతాను.

పైగా ఈ డబ్బు జీతం, బెనిఫిట్లకే. యూనిఫాం, తుపాకీ, రేడియో, బండి ఏవీ అందులో రావు. కొత్త మనిషి వస్తే వాటన్నిటికీ మళ్లీ ఊరే చూసుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన మాట ఇంకొకటుంది, నాన్-సప్లాంటింగ్. ఊరు ఎలాగూ పెట్టబోయే ఖర్చును గ్రాంటు మీదికి నెట్టకూడదని దాని అర్థం. చెప్పినంత తేలిక కాదు పాటించడం. 11 మంది ఉన్నచోట గ్రాంటుతో పన్నెండో మనిషి వచ్చాడనుకోండి. రెండో ఏడాది పాత ఆఫీసరు ఒకాయన రిటైరయ్యాడు. "పోనీలే, ఇప్పుడు 11 మందే కదా, సరిపోతుంది" అనడానికి లేదు. ఆ ఖాళీని ఊరు తన డబ్బుతో నింపే పనిలో ఉండాలి. నాలుగో ఏడాదీ అంతే. నిలబెట్టాల్సింది పన్నెండో పోస్టును. ఎవరో మానేశారు కదా అని లెక్క సర్దేయడానికి లేదు. మాట తప్పితే కొన్నేళ్లపాటు కాప్స్ గుమ్మం తొక్కనివ్వరు.

మాకు పాతిక మైళ్ల దూరంలో ఉన్న ఒక ఊరు ఈ గ్రాంటు తీసుకుంది. కుర్రాణ్ని ఎంపిక చేసి, అకాడమీకి పంపి, తిప్పి నేర్పించి తయారుచేసుకున్నారు. ఏడాదిన్నర తిరక్కుండానే పెద్ద సిటీ వాళ్లు ఎక్కువ జీతం చూపిస్తే వెళ్లిపోయాడు. పోస్టు ఖాళీగా ఉన్నన్నాళ్లూ గ్రాంటు గడియారం ఆగుతుంది కానీ, మళ్లీ మనిషిని వెతికి, మళ్లీ నేర్పించే ఖర్చు ఎవరూ ఇవ్వరు. అక్కడ నాలాగే అకౌంట్స్ చూసే ఆమె, "గ్రాంటు వచ్చిన రోజు కేకు కోశాం, నాలుగో ఏడాది బడ్జెట్ మీటింగులో ఎవరూ మొహాలు చూసుకోలేదు" అంది.

పేరులోనే జాగు

రెండో గుమ్మం జాగ్. పూర్తి పేరు ఎడ్వర్డ్ బర్న్ మెమోరియల్ జస్టిస్ అసిస్టెన్స్ గ్రాంట్. ఎడ్వర్డ్ బర్న్ 22 ఏళ్ల న్యూయార్క్ పోలీసు. 1988 ఫిబ్రవరిలో క్వీన్స్‌లో ఒక సాక్షి ఇంటి ముందు కారులో కాపలా కూర్చుని ఉండగా డ్రగ్స్ ముఠా మనుషులు కాల్చి చంపారు. ఆ కుర్రాడి పేరే దీనికి పెట్టారు. డబ్బు చేతికొచ్చే తీరు చూస్తే మాత్రం జాగ్ అన్న పొట్టి పేరు తెలుగువాళ్లే పెట్టారేమో అనిపిస్తుంది.

దీని గుణం కాప్స్‌కు పూర్తిగా వేరు. మ్యాచ్ అక్కర్లేదు, ఊరు తన వంతుగా ఏమీ పెట్టాల్సిన పని లేదు. వాడుకలోనూ చేయి స్వేచ్ఛగా ఆడుతుంది. పరికరాలు, ట్రైనింగ్, ఓవర్‌టైమ్, కంప్యూటర్లు, పోలీసు కార్లు దేనికైనా పెట్టొచ్చు. స్థలాలు కొనడం, భవనాలు కట్టడం లాంటివి మాత్రం కుదరవు. ఎవరికెంత అన్నది ఒక ఫార్ములా తేలుస్తుంది. రాష్ట్రాల వాటాలో సగం జనాభాను బట్టి, సగం హింసాత్మక నేరాల సంఖ్యను బట్టి. ఆ వచ్చినదాంట్లో 60 శాతం రాష్ట్ర ప్రభుత్వానికి, 40 శాతం నేరుగా ఊళ్లకూ కౌంటీలకూ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది).

ఇక్కడే మాలాంటి ఊరికి దెబ్బ. ఫార్ములా ప్రకారం 10,000 డాలర్ల లోపు వచ్చే ఊరికి నేరుగా ఏమీ రాదు. ఆ చిల్లరంతా రాష్ట్రం దగ్గరున్న కుండలో పడుతుంది, మేం వెళ్లి రాష్ట్రం గుమ్మం ముందు నిలబడాలి. ప్రశాంతంగా ఉన్న ఊరికి ఫార్ములాలో మార్కులు రావన్నమాట. మా చీఫ్‌కు ఇది చెబితే, "అయితే నేను నా పని బాగా చేస్తున్నందుకు శిక్షా?" అన్నాడు. ఏం చెప్పను?

ఇంకో చిక్కు ఫార్ములాలోకి వెళ్లే లెక్కల్లో ఉంది. అవి డిపార్ట్‌మెంటు ఎఫ్‌బీఐకి పంపే నేరాల లెక్కలు. 2021 జనవరి నుంచి ఎఫ్‌బీఐ పాత పద్ధతి ఆపేసి, నైబర్స్ అనే కొత్త పద్ధతిలోనే తీసుకుంటామంది. సాఫ్ట్‌వేర్ మార్చుకోలేని చాలా డిపార్ట్‌మెంట్లు ఆ ఏడాది లెక్కలు పంపలేదు. మీ ఊరి లెక్కలు క్రమంగా వెళ్తున్నాయో లేదో చూడటం గ్రాంటు అప్లికేషన్ కంటే ముందు చేయాల్సిన పని.

కాస్త పెద్ద ఊరు, నేరుగా జాగ్ కేటాయింపు వచ్చే ఊరు అయితే మాత్రం ఆలోచించక్కర్లేదు, వదలకూడదు. అప్లికేషన్‌ను 30 రోజుల ముందు కౌన్సిల్ ముందు పెట్టాలి, జనం అభిప్రాయం చెప్పే అవకాశం ఇవ్వాలి. చాలాచోట్ల కౌంటీతో కలిసి ఒకే అప్లికేషన్ పెట్టమంటారు, అప్పుడు పంపకాల దగ్గర చిన్న పేచీ తప్పదు. రాజకీయాల గాలి కూడా దీనికి త్వరగా తగులుతుంది. 2017లో ఇమిగ్రేషన్ అధికారులకు సహకరించాలన్న షరతులు దీనికి తగిలిస్తే చికాగో లాంటి నగరాలు కోర్టుకెక్కాయి.

మేం రాష్ట్రం దగ్గర ఒక బండికి జాగ్ డబ్బు అడిగాం. మొదటి డ్రాఫ్టు చీఫ్ రాశాడు. "మా బండ్లు పాతబడ్డాయి, కొత్తవి చాలా అవసరం" అని పేజీన్నర. నేను దాన్ని పక్కన పెట్టి, ఏ కాల్‌కు ఎవరిని ఎప్పుడు పంపారో రాసే డిస్పాచ్ రికార్డులు తెమ్మన్నాను. రాత్రి షిఫ్టులో ఒక్క ఆఫీసరే ఉన్న గంటలు ఎన్ని, రిపేరుకు వెళ్లి బండి లేని రోజులు ఎన్ని, ఆ రోజుల్లో కాల్‌కు చేరడానికి పట్టిన సమయం ఎంత. అవి పెట్టాక అప్లికేషన్‌కు ప్రాణం వచ్చింది. అయినా రాలేదు. ఆ ఏడాది రాష్ట్రం ప్రాధాన్యాల్లో బండ్లు లేవు. ఆ ముక్క గ్రాంటును ప్రకటించే నోటీసు చివర్లో ఉంది, నేను చివర చదివాను. అప్పటి నుంచి నోటీసును వెనక నుంచి చదవడం అలవాటు చేసుకున్నాను. ఎవరు అర్హులు, మ్యాచ్ ఎంత, ఎన్నాళ్లు, దేనికి ఇవ్వరు, మార్కులు దేనికి వేస్తారు. ఇవి చూశాకే మొదటి పేజీలో ఉండే గొప్ప మాటలు.

కళ్లు మూసుకుని అడగదగింది

వెస్టుల సంగతి సులువు. 1998 నాటి చట్టంతో వచ్చిన బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ పార్ట్‌నర్‌షిప్ వెస్టు ధరలో సగం దాకా తిరిగిస్తుంది. లక్షలోపు జనాభా ఉన్న ఊళ్లకు ఇందులో మొదటి పీట. ఫారం చిన్నది, కథలు రాయక్కర్లేదు. రెండే రెండు షరతులు గట్టివి. వెస్టు న్యాయశాఖ పరిశోధనా సంస్థ ఎన్‌ఐజే పెట్టిన ప్రమాణాలకు తగ్గది కావాలి, డ్యూటీలో వెస్టు వేసుకోవడం తప్పనిసరి అని డిపార్ట్‌మెంటుకు రాతపూర్వక నియమం ఉండాలి. మా దగ్గర అందరూ వేసుకునేవాళ్లే కానీ రాసిన కాగితం లేదు. చీఫ్ ఒక మధ్యాహ్నం కూర్చుని రాసి, సంతకం పెట్టించాడు.

వెస్టు 1,000 డాలర్లు అనుకుంటే 11 వెస్టులకు 11,000. సగం, అంటే 5,500 దాకా వెనక్కి రావచ్చు. ముందు కొనాలి, రసీదు పెట్టాలి, తర్వాత డబ్బు. ఆ మిగతా సగాన్ని జాగ్ డబ్బుతో కట్టేద్దామని చాలామందికి తెలివి పుడుతుంది. కుదరదు. జాగ్‌తో వెస్టులు కొనొచ్చు, కానీ ఈ సగానికి ఆ సగం అతికించకూడదు. వెస్టు ఆయుష్షు సాధారణంగా అయిదేళ్లు. అందుకని అన్నీ ఒకే ఏడాది కొనకుండా ఏటా రెండో మూడో కొనేలా పెట్టుకుంటే బడ్జెట్‌కూ నొప్పి ఉండదు. మాకు ఈ బుద్ధి ఆలస్యంగా వచ్చింది. పదకొండూ ఒకేసారి గడువు తీరాయి.

వ్యవసాయ శాఖ పోలీసు బండి కొనిపెడుతుందా?

కొనిపెడుతుంది. నాకు కూడా నమ్మబుద్ధి కాలేదు. అమెరికా వ్యవసాయ శాఖకు గ్రామీణాభివృద్ధి విభాగం ఒకటుంది. దాని కమ్యూనిటీ ఫెసిలిటీస్ పథకం కింద 20,000 లోపు జనాభా ఉన్న గ్రామీణ ప్రాంతాలకు ఆసుపత్రి, ఫైరింజను, లైబ్రరీతో పాటు పోలీస్ స్టేషన్ భవనానికీ, పోలీసు బండికీ కూడా అప్పులు, గ్రాంట్లు ఇస్తారు. పోలీసులకు గ్రాంటంటే అందరూ న్యాయశాఖ వైపే చూస్తారు కాబట్టి చిన్న ఊళ్లకు ఇది తట్టదు. మాకు తట్టింది కూడా యాదృచ్ఛికంగానే. పక్క ఊరి ఫైర్ డిపార్ట్‌మెంటు ఆయన కాఫీ తాగుతూ చెప్పాడు.

ఇందులో ఎంత చిన్న ఊరైతే, ఎంత తక్కువ ఆదాయమైతే అంత ఎక్కువ ఇస్తారు. 5,000 లోపు జనాభా, బాగా తక్కువ ఆదాయం ఉంటే ఖర్చులో 75 శాతం దాకా గ్రాంటు. తర్వాతి మెట్లు 55, 35, 15 శాతం. మిగతాది ఊరు పెట్టుకోవచ్చు, లేదా వాళ్ల దగ్గరే తక్కువ వడ్డీకి అప్పు తీసుకోవచ్చు. మాది చిన్న ఊరే కానీ మరీ బీద ఊరు కాదు. 35 శాతం మెట్టు మీద తేలాం. లైట్లు, రేడియో, వెనక జాలీ అన్నీ బిగించిన బండి 62,000 డాలర్లు. 35 శాతం అంటే 21,700. అంతేనా అంటారేమో. జాగ్ దగ్గర సున్నా వచ్చినవాళ్లకు ఇది పండగ.

నాకు ఇందులో నచ్చింది డబ్బు కంటే మనుషులు. న్యాయశాఖ గ్రాంట్లన్నీ తెర మీద ఫారాలు. ఇక్కడ మాత్రం దగ్గరి ఆఫీసులో కూర్చున్న మనిషి ఫోన్ ఎత్తుతాడు. "ఈ ఏడాది రాష్ట్రానికి వచ్చిన డబ్బు అయిపోయింది, అక్టోబరు తర్వాత రండి" అని ఉన్నదున్నట్టు చెబుతాడు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పి తీరాలి. డీలరు దగ్గర బండి సిద్ధంగా ఉంది కదా అని మంజూరు కాగితం రాకముందే కొనేశారంటే గ్రాంటు మీద ఆశ వదులుకోవాల్సిందే. మా చీఫ్ మూడు సార్లు డీలరుకు ఫోన్ చేయబోతే మూడు సార్లూ ఆపాను.

చిల్లర దారులు

తాగి నడిపేవాళ్లను పట్టుకునే రాత్రి డ్యూటీలు, సీటు బెల్టు తనిఖీలు, వీటి ఓవర్‌టైమ్‌కు రాష్ట్ర హైవే సేఫ్టీ ఆఫీసు డబ్బిస్తుంది. మూలం 1966 నాటి ఫెడరల్ హైవే సేఫ్టీ చట్టం, సెక్షన్ 402. మొత్తం చిన్నదే, కానీ ఏటా వస్తుంది, తలనొప్పి తక్కువ. అంతకుముందు గ్రాంటు ముఖం చూడని ఊరు ఇక్కడ మొదలుపెడితే రిపోర్టులు రాయడం చేతికి అలవాటవుతుంది.

సైన్యం వాడి పక్కన పెట్టిన సామాను పోలీసులకిచ్చే 1033 పథకం గ్రాంటు కాదు, సరుకు. సరుకు ఉచితం, తెచ్చుకునే ఖర్చూ బాగుచేసే ఖర్చూ మనవి. ఆయుధాలు, సాయుధ వాహనాల్లాంటి వాటిపై హక్కు సైన్యానిదే. ఊరికే వచ్చిన ఏనుగుకు మేత మనం వేయాలి. మా చీఫ్ జెనరేటర్ ఒకటి చూశాడు, ఊరికే చూశాడు.

బాడీ కెమెరాలకు న్యాయశాఖ డబ్బుతో 50 మంది లోపు ఆఫీసర్లున్న చిన్న డిపార్ట్‌మెంట్లకు కెమెరాకు 2,000 డాలర్ల దాకా ఇచ్చే మైక్రోగ్రాంట్ ఉంది. వినగానే నోరూరుతుంది. అయితే కెమెరా కొన్నాకే అసలు ఖర్చు మొదలవుతుంది. వీడియోలు దాచే క్లౌడ్‌కు ఏటా కట్టాలి. ఎవరైనా వీడియో కావాలని అడిగితే అందులో పిల్లల మొహాలు, ఇళ్ల నంబర్లు కనపడకుండా చేసి ఇవ్వాలి. ఆ పని చేసే మనిషి ఎవరు? మా దగ్గరైతే రికార్డ్స్ క్లర్కు, అదీ పార్ట్ టైమ్. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే.

అప్లికేషన్ కంటే ముందు

ఏ గ్రాంటు మేలో తేల్చుకున్నా, గుమ్మం దాకా వెళ్లలేక ఓడిపోయేవాళ్లే ఎక్కువ. వాళ్లలో మేమూ ఒకరం. ఫెడరల్ డబ్బు అడగాలంటే ఊరికి శామ్ డాట్ గవ్ అనే ఫెడరల్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ ఉండాలి. 2022 ఏప్రిల్ నుంచి పాత డన్స్ నంబరు బదులు అక్కడే యూఈఐ అనే 12 అక్షరాల గుర్తింపు నంబరు ఇస్తున్నారు. రిజిస్ట్రేషన్ ఉచితం, కానీ ఏటా తిరగరాయించుకోవాలి. మాది గడువు తీరి నాలుగు నెలలైంది. గుర్తుచేసే ఈమెయిళ్లు అన్నీ రెండేళ్ల కిందట మానేసిన ఉద్యోగి పేరు మీద వెళ్తున్నాయి. వాటిని చదివేవాళ్లు లేరు. నేను తెరిచేసరికి ఆ డబ్బాలో 60కి పైగా ఉన్నాయి. అందులో సగం "మీ రిజిస్ట్రేషన్ మేం చేసిపెడతాం, ఫీజు కట్టండి" అనే ప్రైవేటు కంపెనీలవి. సర్కారువారి ఉత్తరంలాగే ఉంటాయి, పొరపాటున కట్టేసేవాళ్లున్నారు. మళ్లీ లాగిన్ సంపాదించి, కాగితాలు పంపి, యాక్టివ్ అనే పచ్చ మాట చూసేసరికి అయిదు వారాలు. ఈలోగా ఒక నోటీసు గడువు దాటిపోయింది.

న్యాయశాఖ గ్రాంట్లకు గడువులు రెండు. ముందు గ్రాంట్స్ డాట్ గవ్ అనే ఫెడరల్ సైటులో ఎస్‌ఎఫ్-424 అనే ముఖపత్రం, తర్వాత న్యాయశాఖ సొంత సైటు జస్ట్‌గ్రాంట్స్‌లో అసలు అప్లికేషన్. మొదటి గడువు దాటితే రెండోది ఎంత దూరంలో ఉన్నా లాభం లేదు. చాలామంది రెండో తేదీనే క్యాలెండర్లో రాసుకుంటారు. మా కౌన్సిల్ నెలకు రెండు మంగళవారాలు కూర్చుంటుంది. తీర్మానం కావాలంటే వారం ముందే అజెండాలో పెట్టాలి. నోటీసు ఆరు వారాలే తెరిచి ఉంటే అందులో మనకు మిగిలే రోజులు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

వచ్చాక పని ఇంకా ఉంది. మూడు నెలలకోసారి డబ్బు రిపోర్టు, ఆరు నెలలకోసారి పని రిపోర్టు. ఫెడరల్ డబ్బుతో కొన్న బండ్లూ పరికరాలూ ఎక్కడున్నాయో రెండేళ్లకోసారైనా తిరిగి చూసి రాయాలి. ఒక ఏడాదిలో అన్ని ఫెడరల్ నిధుల ఖర్చు కలిపి 10 లక్షల డాలర్లకు చేరితే ప్రత్యేక ఆడిట్. ఈ హద్దు 2024 అక్టోబరు తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి పెరిగింది, అంతకుముందు 7.5 లక్షలు ఉండేది. పోలీసు గ్రాంటు ఒక్కదానితో మా ఊరు అక్కడిదాకా పోదు. కానీ అదే ఏడాది మంచినీటి ట్యాంకుకు పెద్ద ఫెడరల్ సొమ్ము వస్తే పోతుంది. పోలీసులకది తెలియదు, అకౌంట్స్‌లో ఉన్నవాళ్లకు తెలియాలి.

మరి మా ఊరికి ఏది మేలు?

పది పదిహేను మంది ఆఫీసర్లున్న ఊరికి నా వరస ఇది. మొదట వెస్టులు, వాటితో పాటు హైవే ఓవర్‌టైమ్. రెండు, 20,000 లోపు జనాభా ఉంటే బండికైనా భవనానికైనా వ్యవసాయ శాఖ. మూడు, రాష్ట్రం దగ్గర జాగ్, అదీ ఆ ఏటి ప్రాధాన్యాలు మనకు కలిస్తేనే. నగరానికి నేరుగా వాటా వచ్చేటట్టయితే జాగ్ మొదటికి వస్తుంది. కాప్స్ హైరింగ్ అన్నిటికంటే పెద్ద మొత్తం, కానీ నా వరసలో చివరిది. నాలుగో ఏడాది జీతం ఏ పద్దు కిందకు వస్తుందో కౌన్సిల్ ఇప్పుడే రాసిపెడితేనే దాని జోలికి వెళ్లాలి.

ఇందులో నాతో ఏకీభవించనివాళ్లు ఉంటారు. మా చీఫ్ ఒకడు. "బండ్లు డ్యూటీ చేయవు, మనుషులు చేస్తారు" అంటాడు. అతని మాటలో నిజముంది. జీతాలు తక్కువున్న ఊళ్లో, జనాభా పెరుగుతూ పన్ను ఆదాయం పెరుగుతున్న ఊళ్లో అయితే నేనే కాప్స్‌ను పైకి తెస్తాను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు వెళ్లి ఇళ్లు కొంటున్న ఊళ్లు అలాంటివే. నాలుగేళ్ల తర్వాత అక్కడ ఆ జీతం ఇవ్వగల పన్ను తయారుగా ఉంటుంది. మా ఊరు అలా కాదు, ఇక్కడ స్కూల్లో ఏటా పిల్లలు తగ్గుతున్నారు. చేతికొచ్చే దాకా ఏ గ్రాంటూ మనది కాదన్న భయం కూడా ఉంది నాకు. 2025 ఏప్రిల్‌లో న్యాయశాఖ నడుస్తున్న గ్రాంట్లను వందల సంఖ్యలో మధ్యలోనే రద్దు చేసింది. వెస్టు డబ్బు ఆగితే 5,500తో పోతుంది. జీతం డబ్బు ఆగితే ఇంటికి పంపాల్సింది మనిషిని.

చీఫ్ కాగితం ఇంకా నా సొరుగులోనే ఉంది. వెస్టులు వచ్చాయి. పెట్టెలు విప్పిన రోజు ఆఫీసర్లు హాల్లో నిలబడి ఒకరి పట్టీలు ఒకరు బిగించుకుంటుంటే పెళ్లివారింట్లో కొత్త బట్టలు తొడిగి చూసుకుంటున్నట్టుంది. ఒక బండి వచ్చింది, ఇంకోదానికి అక్టోబరులో మళ్లీ రమ్మన్నారు. "ఒక ఆఫీసరు" అన్న ముక్క ముందు మాత్రం టిక్కు లేదు. దాని పక్కన చీఫ్ పోయిన వారం పెన్సిల్‌తో ప్రశ్నార్థకం ఒకటి పెట్టి వెళ్లాడు. దాని కింద నేను "నాలుగో ఏడాది?" అని రాసి, కాగితాన్ని మళ్లీ అతని టేబుల్ మీద పెట్టి వచ్చాను.